కంపెనీ పాలనపై విచారణ: కమిటీయా, అభిశంసనా?

ఈస్టిండియా కంపెనీని నిలదీయడానికి బ్రిటిష్ పార్లమెంటుకు ముఖ్యంగా రెండు దారులు ఉండేవి: విచారణ కమిటీ వేయడం, లేదా అధికారిని అభిశంసించడం (కామన్స్ సభ నేరం మోపితే లార్డ్స్ సభ విచారించడం).

ఖర్చు: కమిటీకి తక్కువే. అభిశంసన ఎదుర్కొన్న బెంగాల్ మాజీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు మాత్రం దాదాపు 70 వేల పౌండ్లు వదిలాయి.

శ్రమ: కమిటీ అంటే కాగితాల కుప్పలు, సాక్షులు. అలాంటి కమిటీ కంపెనీ వ్యవహారాలపై 1812లో ఇచ్చిన ఐదో నివేదికలో మన ఉత్తర సర్కారుల భూమిశిస్తు సంగతులూ ఉన్నాయి. చరిత్రకారులకు అదో గని. హేస్టింగ్స్ విచారణ 1788లో మొదలై 1795 దాకా సాగింది. తొలిరోజుల్లో టికెట్ల కోసం ఎగబడిన జనానికి తర్వాత బోర్ కొట్టేసింది.

రిస్క్: నివేదిక అటకెక్కొచ్చు. అభిశంసన వీగిపోతే నిందితుడు నిర్దోషిగా బయటికొస్తాడు, హేస్టింగ్స్ లాగే.

చార్టర్ (కంపెనీకి ఇచ్చిన అధికార పత్రం) గడువు ముగిసే వేళ చట్టం మార్చాలంటే కమిటీయే మేలు. పెద్ద అధికారిని బోనెక్కించాలంటే అభిశంసన. రెండిట్లోనూ భారతీయుల గొంతు వినబడింది తక్కువే.