ఎక్స్ఛేంజ్ మెయిల్‌బాక్స్ డేటాబేస్ సైజు తగ్గించడం: రెండు పద్ధతులూ ఏళ్లపాటు వాడాక నా మాట

మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్‌లో 2010 వెర్షన్ టైమ్ నుంచి 2019 దాకా మెయిల్ సర్వర్లు చూసుకుంటూ వచ్చా. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే, యూజర్లతో పాత మెయిల్స్ అన్నీ డిలీట్ చేయించాం, రిజైన్ చేసినవాళ్ల మెయిల్‌బాక్సులు కూడా తీసేశాం, అయినా డ్రైవ్‌లో ఒక్క జీబీ కూడా ఖాళీ అవ్వలేదేంటి అని. దీనికి ఉన్న దారులు రెండు, ఒకటి ఎక్స్ఛేంజ్‌తోనే వచ్చే ఈఎస్ఈయుటిల్ అనే టూల్‌తో ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ (డేటాబేస్‌ని ఆపి, లోపలి ఖాళీ తీసేసి ఫైల్‌ని చిన్నది చేయడం), రెండోది కొత్త డేటాబేస్ క్రియేట్ చేసి మెయిల్‌బాక్సులన్నీ అందులోకి మూవ్ చేయడం. రెండూ చాన్నాళ్లు వాడాను, నా ఓటు రెండోదానికే.

ముందు అసలు ఏం జరుగుతుందో చెప్తా. మెయిల్‌బాక్సులన్నీ ఉండే డేటాబేస్ ఫైల్‌నే ఈడీబీ అంటాం, అది పెరగడమే గానీ దానంతట అది తగ్గదు. గాదెలో ధాన్యం తీసేసినంత మాత్రాన గాదె చిన్నదవ్వదు కదా, ఇదీ అంతే. మెయిల్ పోయిన చోటు ఫైల్ లోపలే ఖాళీగా ఉండిపోతుంది, దాన్నే వైట్‌స్పేస్ అంటాం, కొత్త మెయిల్స్ వచ్చినప్పుడు ఆ ఖాళీనే మళ్లీ వాడుకుంటుంది. పైగా డిలీట్ కొట్టగానే ఆ ఖాళీ కూడా రాదు. డిఫాల్ట్‌గా డిలీటెడ్ ఐటెమ్స్ 14 రోజులు, డిలీట్ చేసిన మెయిల్‌బాక్సులు 30 రోజులు లోపలే ఉంటాయి, లిటిగేషన్ హోల్డ్ (కోర్టు కేసుల్లాంటి వాటి కోసం మెయిల్స్ పోకుండా ఆపే సెట్టింగ్) పెట్టి ఉంటే ఆ గడువు దాటినా పోవు.

అందుకే ఏ పని మొదలెట్టేముందైనా ఎక్స్ఛేంజ్ కమాండ్లు టైప్ చేసే షెల్ ఓపెన్ చేసి గెట్ మెయిల్‌బాక్స్ డేటాబేస్ కమాండ్‌కి స్టేటస్ స్విచ్ పెట్టి, డేటాబేస్ సైజ్, అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్ పక్కపక్కన చూడండి. 400 జీబీ ఫైల్‌లో 30 జీబీ ఖాళీ కనిపిస్తే దాని జోలికే వెళ్లొద్దు, కొన్నాళ్లకి కొత్త మెయిల్స్‌తో అదే నిండిపోతుంది. సగానికి సగం ఖాళీ ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఒక్కో మెయిల్‌బాక్స్ టేబుల్స్ లోపల మిగిలిన ఖాళీ పేజీలు ఆ నంబర్‌లోకి రావు, కాబట్టి చివరికి చేతికొచ్చేది అక్కడ కనిపించే దానికన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇక ఈఎస్ఈయుటిల్ స్లాష్ డీ, అంటే ఆ ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ కమాండ్. పని చేస్తుందా అంటే కచ్చితంగా చేస్తుంది, దాని మీద నాకు గౌరవమే. కానీ డేటాబేస్‌ని డిస్‌మౌంట్ చేయాలి, అంటే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మెయిల్ బంద్. అది ఉన్న ఫైల్‌నే కుదించదు, పక్కన కొత్త ఫైల్ రాసుకుంటూ వెళ్తుంది, అందుకని ఫైల్ సైజుకి ఇంకో 10 శాతం కలిపి ఆ మేరకు ఖాళీ ఉంచుకోమంటారు. డిస్క్ నిండిపోయిందని మొదలెట్టిన పనికి మళ్లీ డిస్కే కావాలన్నమాట! స్లాష్ టీ స్విచ్‌తో టెంప్ ఫైల్‌ని వేరే డ్రైవ్‌కి పంపొచ్చు గానీ తర్వాత అది మళ్లీ అసలు చోటికి కాపీ అవ్వాలి, ఆ టైమ్ వేరే. స్క్రీన్ మీద 0 నుంచి 100 దాకా ఒక స్కేల్ వస్తుంది, కింద ఒక్కో చుక్కా పడుతూ ఉంటుంది, పెద్ద డేటాబేస్ అయితే చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత సేపు పడుతుందో, ఇంకెంత టైమ్ మిగిలిందో చెప్పే ఆధారం ఏమీ ఉండదు, అవతల మేనేజర్లు మెయిల్ ఎప్పుడొస్తుంది అని ఫోన్ల మీద ఫోన్లు. అయిపోయాక డేటాబేస్ సిగ్నేచర్ (దాని గుర్తింపు) మారిపోతుంది కాబట్టి వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాల్సిందే, డీఏజీ (ఒకే డేటాబేస్ కాపీల్ని వేర్వేరు సర్వర్లలో ఉంచే ఏర్పాటు) ఉంటే మిగతా కాపీలన్నీ మళ్లీ సీడ్ చేయాలి, అంటే మొదటి నుంచి కాపీ చేయాలి. ఇంకో మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి, స్లాష్ డీతో పాటు ఇచ్చే స్లాష్ పీ అంటే పాత ఫైల్‌ని అలాగే ఉంచమని, అదే స్లాష్ పీ ఒక్కటే ఇస్తే అది రిపేర్ మోడ్, పాడైన పేజీల్లో ఉన్న డేటాని పీకి పారేస్తుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో టైప్ చేసే కమాండ్ కాదది.

రెండో పద్ధతిలో యూజర్లు పని చేసుకుంటూనే ఉంటారు. న్యూ మూవ్ రిక్వెస్ట్ కమాండ్ ఇస్తే వెనకాల కాపీ అవుతుంది, సస్పెండ్ వెన్ రెడీ టు కంప్లీట్ పెడితే 95 శాతం దగ్గర ఆగి మన కోసం ఎదురుచూస్తుంది, రాత్రి రిజ్యూమ్ కొడితే ఆ చివరి ముక్క పూర్తవుతుంది. నేను పెద్ద మెయిల్‌బాక్సుల్ని సంక్రాంతి సెలవుల్లాంటి టైమ్‌లో పెట్టుకుంటా, చిన్నవి మామూలు రోజుల్లోనే విడతలవారీగా వెళ్లిపోతాయి. మధ్యలో ఏదైనా ఫెయిల్ అయినా పాత మెయిల్‌బాక్స్ పాత చోటే ఉంటుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే లాగ్స్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ రాసుకునే ఫైళ్లు) సంగతి పట్టించుకోకపోతే కొంప మునుగుతుంది. ఎంత డేటా మూవ్ చేస్తే కొత్త డేటాబేస్ వైపు దాదాపు అంత లాగ్స్ పుడతాయి, ఒక్కో లాగ్ 1 ఎంబీ, అంటే 200 జీబీకి రెండు లక్షల పైచిలుకు ఫైళ్లు. లాగ్ డ్రైవ్ నిండితే డేటాబేస్ డిస్‌మౌంట్ అయిపోతుంది. విడతకీ విడతకీ మధ్య ఫుల్ బ్యాకప్ తీస్తే లాగ్స్ క్లియర్ అవుతాయి, లేదా మూవ్స్ అయ్యేవరకు కొత్త డేటాబేస్‌కి సర్క్యులర్ లాగింగ్ (పని అయిపోయిన లాగ్స్‌ని దానంతట అదే తీసేసే సెట్టింగ్) ఆన్ చేసుకోవచ్చు, కాకపోతే ఆ మధ్యలో ఏమైనా అయితే చివరి బ్యాకప్ వరకే వెనక్కి తెచ్చుకోగలం అని తెలిసి చేయాలి. అంతేగానీ లాగ్ ఫైళ్లని చేత్తో మాత్రం డిలీట్ చేయొద్దు. ఒక చోట నేను వెళ్లేసరికే ఎవరో చోటు కోసం అవి లేపేశారు, డేటాబేస్ డర్టీ షట్‌డౌన్‌లో (సరిగ్గా మూసుకోని స్థితిలో) పడి మౌంట్ అవ్వలేదు, బ్యాకప్ ఉండబట్టి బతికారు.

చివర్లో చాలామంది చిక్కుకునేది పాత డేటాబేస్ తీసేసేటప్పుడు. యూజర్లు అందరూ వెళ్లిపోయినా ఇంకా మెయిల్‌బాక్సులు ఉన్నాయని ఎర్రర్ ఇస్తుంది. ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకి వాడుకునే ఆర్బిట్రేషన్, ఇంకా ఆర్కైవ్, పబ్లిక్ ఫోల్డర్, ఆడిట్ లాగ్ మెయిల్‌బాక్సులు మామూలు లిస్టులో కనపడవు, ఒక్కోదానికీ దాని స్విచ్ ఇచ్చి వెతికి మూవ్ చేయాలి. అన్నీ అయ్యి రిమూవ్ కొట్టాక కూడా ఈడీబీ ఫైల్ డిస్క్ మీద అలాగే ఉంటుంది, దాన్ని మనమే ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేస్తేనే జాగా వస్తుంది. నేనైతే కొత్త డేటాబేస్ ఫుల్ బ్యాకప్ సక్సెస్ అయిందని చూశాకే దాని మీద చెయ్యి వేస్తా.

ఎక్స్ఛేంజ్ 2016కీ 2019కీ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, ఇంకా 2016 మీదే ఉండి వాటి తర్వాతి వెర్షన్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి వెళ్లేవాళ్లయితే ఇప్పుడు సైజు తగ్గించే పని విడిగా పెట్టుకోకండి, ఎలాగూ కొత్త సర్వర్‌లోకి మెయిల్‌బాక్సులన్నీ మూవ్ చేస్తారు, అక్కడ ఫ్రెష్ డేటాబేసే వస్తుంది. 2019 నుంచి అదే సర్వర్ మీద అప్‌గ్రేడ్ చేసేవాళ్లకి మాత్రం పాత ఈడీబీ దాని ఖాళీతో సహా అలాగే వస్తుంది, కాబట్టి ఈ పని వాళ్లకి మిగిలే ఉంటుంది.