మోటార్‌హోమ్ ప్లగ్ వేడెక్కుతోందా? ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడి చూశాక నా రివ్యూ

మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చుకున్న బండి, ఉన్నవాళ్ల టూల్ బాక్స్‌లో టెస్టర్, మల్టీమీటర్ పక్కన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (ముట్టుకోకుండానే వేడి కొలిచే పరికరం) కూడా తప్పకుండా ఉండాలి. ట్రిగ్గర్ నొక్కితే ఎర్ర లేజర్ చుక్క పడుతుంది, ఆ వస్తువు పైభాగం ఎంత వేడిగా ఉందో డిస్‌ప్లేలో కనిపిస్తుంది. నా దగ్గరున్నది 12:1 రకం (దీని అర్థం కింద చెప్తాను) మామూలు మోడల్. బయట పెడెస్టల్ (బండి ఆపిన చోట కరెంటు ఇచ్చే స్తంభం) నుంచి బండిలోకి కరెంటు వచ్చే దారిలో ఎక్కడ వేడి పుడుతోందో పట్టుకోవడానికే ఎక్కువగా వాడుతున్నాను. ఆ పనిలో ఇది ఎంత బాగా పనికొస్తుందో, ఎక్కడ తప్పు చూపిస్తుందో రెండూ చెప్తాను.

ప్లగ్ మరీ వేడెక్కితే బ్రేకర్ పడిపోతుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. పడదు. బ్రేకర్‌కి తెలిసేది కరెంటు ఎక్కువైందా లేదా అన్నది మాత్రమే. లూజ్ కాంటాక్ట్ దగ్గర కరెంటు ఏమీ పెరగదు, రోజూ వెళ్లేదే వెళ్తుంది, కానీ పిన్నూ సాకెట్టూ సరిగ్గా ఆనుకోక ఆ కాస్త చోట రెసిస్టెన్స్ పెరిగి అక్కడే వేడి పుడుతుంది. 30 ఆంపుల, 120 వోల్టుల కనెక్షన్ మీద ఏసీ, ఎలక్ట్రిక్ వాటర్ హీటర్ కలిపి నడిపితే 25 ఆంపుల దాకా లాగేస్తాయి. కాంటాక్ట్‌లో 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, 25ని 25తో, దాన్ని మళ్లీ 0.1తో గుణిస్తే 62.5 వాట్లు. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ప్లగ్ లోపల పెట్టి గంటల తరబడి ఆన్ చేసి ఉంచినట్టే. అక్కడ పోయే వోల్టేజ్ మాత్రం రెండున్నర వోల్టులే, కాబట్టి లోపల లైట్లు డిమ్ అయినట్టు కూడా అనిపించదు. నాకు టెన్షన్ పెట్టేది సరిగ్గా ఇదే.

వాడే పద్ధతి. ప్లగ్ పెట్టగానే కొలిస్తే ఏమీ తెలియదు. ఏసీ, హీటర్ ఓ అరగంట నడవనిచ్చి, అప్పుడు పెడెస్టల్ దగ్గర ప్లగ్, అడాప్టర్ వాడితే అది, కేబుల్ మధ్యలో ఎక్కడో ఒక చోటు, బండి గోడకున్న ఇన్‌లెట్ (కేబుల్ రెండో కొస తగిలించే చోటు), ఇలా వరసగా చూసుకుంటూ రావాలి. అంకె ఎంత అన్నదానికంటే ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఎంత అన్నదే ముఖ్యం. కేబుల్ పొడవునా ఒకేలా గోరువెచ్చగా ఉంటే అది లోడు వల్ల, లేదా కేబుల్ చుట్ట విప్పకుండా వదిలేయడం వల్ల. కేబుల్ చల్లగా ఉండి ప్లగ్ తల ఒక్కటే కాలుతోందంటే అక్కడ కనెక్షన్ బాగాలేనట్టే. సాకెట్లకు యూఎల్ 498 అనే అమెరికా భద్రతా ప్రమాణం పెట్టిన హద్దు చుట్టూ ఉన్న వేడికంటే 30 సెల్సియస్ డిగ్రీల పెరుగుదల, నేను అంతదాకా ఆగను, కేబుల్‌కీ ప్లగ్‌కీ మధ్య స్పష్టంగా తేడా కనిపించిందంటే లోడు తగ్గించేసి కారణం వెతుకుతాను.

మా బండిలో అలాగే ఇన్‌లెట్ దగ్గర ఒక పక్క మాత్రమే ఎక్కువ చూపించింది. మెయిన్ ఆపి ప్లగ్ ఊడదీస్తే న్యూట్రల్ పిన్ మెరుపు పోయి బూడిద రంగులోకి తిరిగింది, ఆ పిన్ను దూరే గాడి చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులో అంచు కట్టింది. ఇన్‌లెట్ వెనక మూత తీసి న్యూట్రల్ స్క్రూ తిప్పితే ఏ బలమూ పెట్టకుండానే తిరిగింది. బయట నుంచి చూస్తే మాత్రం అంతా కొత్తదానిలా ఉంది!

ఇక ఇది తప్పు చూపించే చోట్లు. మెరిసే లోహం మీద నేరుగా గురిపెడితే అసలు వేడికంటే బాగా తక్కువ చూపిస్తుంది, అది నమ్మి ప్లగ్ బాగానే ఉందనుకుంటే ప్రమాదం. రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీదే కొలవాలి, లోహం మీద తప్పదంటే కరెంటు పూర్తిగా ఆపాక నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద వెంటనే చూడాలి. రెండోది, లేజర్ చుక్క పడిన చోటును మాత్రమే ఇది కొలవదు. 12:1 అంటే 12 అంగుళాల దూరం నుంచి ఒక అంగుళం వెడల్పు ప్రాంతం సగటు చూపిస్తుంది, దూరంగా నిలబడి కొలిస్తే వేడి చోటూ చల్లటి చోటూ కలిసిపోతాయి. బాగా దగ్గరికి వెళ్తే లేజర్ చుక్క ఒక చోట, కొలిచే చోటు కాస్త పక్కన ఉంటాయి, అందుకని అటూ ఇటూ మెల్లగా జరుపుతూ ఎక్కువ అంకె ఎక్కడొస్తుందో చూసుకోవాలి.

గోడ వెనక ఏముందో దీనికి అసలు కనపడదు. ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లో (బయటి కరెంటు, జనరేటర్ మధ్య మార్చే డబ్బా) స్క్రూ వదులైతే ఆ వేడి డబ్బా పైకి తెలిసేసరికి లోపల కాలడం మొదలై ఉండొచ్చు. ఆ డబ్బా మూత తీయాలంటే బయటి కరెంటుతో పాటు జనరేటర్, ఇన్వర్టర్ కూడా ఆపేయాలి, అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే మేలు. అందుకే దీనికి తోడు మల్టీమీటర్ కూడా కావాలి. లోడు లేనప్పుడు, ఉన్నప్పుడు వోల్టేజ్ ఎంత తగ్గుతోందో పెడెస్టల్ దగ్గర ఒకసారి, బండి లోపల ఒకసారి చూస్తే, తగ్గుదల రెండు చోట్లా ఒకేలా ఉంటే తప్పు పెడెస్టల్‌కి అవతల, లోపల మాత్రమే ఎక్కువ తగ్గితే మన వైపు.

రంగు మారిన పిన్నుని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడటం నాకు నచ్చని పని. పైపూత పోతుంది, సాకెట్ లోపల వేడికి పట్టు వదిలేసిన స్ప్రింగ్ ఎలాగూ బాగుపడదు. కాలిన ప్లగ్‌ని మంచి సాకెట్‌లో పెడితే అదీ పాడవుతుంది, కాబట్టి నేను ప్లగ్, ఇన్‌లెట్ రెండూ మార్చాను. బ్రేకర్ ఆపకుండా ప్లగ్ లాగకండి, ఆ స్పార్క్‌కే పిన్నుల మీద గుంటలు పడతాయి.

పరికరంలో లోపాలంటే, ఎండలో లేజర్ చుక్క కనిపించదు, ఇక నా మోడల్‌లో ఎక్కువ వేడిని గుర్తుపెట్టుకునే మాక్స్ మోడ్ లేదు, కొనేటప్పుడు అది ఉన్నది చూసి తీసుకోండి. 5కి 4 ఇస్తాను.