ముఖం పొడిబారితే కొబ్బరి నూనెనా, క్రీమా: ఏది మేలు?

మందుల దుకాణం కౌంటర్ వెనక నిలబడేవారికి తప్పని ప్రశ్న ఒకటుంది. "ముఖం బిగదీసినట్టు ఉంటోంది, బుగ్గల మీద పొట్టు లేస్తోంది. ఇంట్లో కొబ్బరి నూనె ఉంది కదా, అది చాలదా? ఇంత ధర పెట్టి క్రీము కొనాలా?" ధనుర్మాసం చలిలో ఎవరైనా అడుగుతారు. తిరుపతిలో రోహిణి కార్తెలోనూ అడుగుతారు. చెమటలు కారే ముఖం పొడిబారడమేమిటని పక్కనున్నవారు నవ్వుతారు కూడా. చెమట చర్మానికి తేమ ఇవ్వదు, ఆరిపోతూ ఉప్పును మిగిల్చిపోతుంది. దానికి తోడు పగలంతా ఏసీ కింద బట్టల దుకాణంలోనో బ్యాంకులోనో కూర్చునేవారికి చలికాలం, ఎండాకాలం అన్న తేడా పెద్దగా లేదు.

అంగడిలో ఎన్ని రకాలున్నా జనం నిజంగా ఊగిసలాడేది నాలుగింటి మధ్యనే. కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ, పన్నీరులో కలిపిన గ్లిజరిన్, మందుల దుకాణంలో దొరికే సువాసన లేని సాదా క్రీము. మిగతావాటి గురించి చివర్లో రెండు మాటలు చెబుతాను, అంతకు మించి వాటికి అవసరం లేదు.

చర్మం పైపొరను గోడ అనుకుంటే అందులోని కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. సున్నం రాలినచోట లోపలి నీరు ఆవిరైపోతుంది. ముఖానికి పూసేది ఏదైనా చేయగలిగిన పనులు మూడే. నీటిని పట్టి ఉంచాలి, రాలిన సందులను నింపాలి, పైనుంచి నీరు పోకుండా కప్పాలి. ఈ నాలుగింటిలో ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

కొబ్బరి నూనెను నేను తీసిపారేయను. సందులను నింపుతుంది, కొంతవరకు కప్పుతుంది. కాళ్ల పొడిదనానికి అది మినరల్ ఆయిల్‌కు (క్రీముల్లో వాడే శుద్ధి చేసిన పెట్రోలియం నూనె) తీసిపోదని పరిశోధనలు చూపాయి. కానీ ఆ మాట కాళ్ల గురించి, ముఖం గురించి కాదు. నీటిని పట్టి ఉంచే గుణం నూనెకు లేదు. పొడి ముఖానికి పొడిగానే రాస్తే పైన మెరుపు వస్తుంది తప్ప లోపలికి నీరు రాదు. మొటిమలు వచ్చే స్వభావం ఉన్నవారికి రంధ్రాలు పూడుకుపోయే ప్రమాదం ఎలాగూ ఉంది. అయినా ఇవేవీ నాకు అసలు అభ్యంతరాలు కావు.

నా అసలు అభ్యంతరం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొదలవుతుంది. పొద్దున ముఖానికి నూనె రాసుకుని బండి మీద అలిపిరి నుంచి లీలామహల్ కూడలి మీదుగా గాంధీ రోడ్డుకు వచ్చేవారిని తలచుకోండి. కొబ్బరి నూనె గడ్డకట్టేది సుమారు 24 డిగ్రీల కింద. మన ఊళ్లో అంత చల్లదనం చలికాలపు రాత్రుల మాటే. పగటిపూట అది ముఖం మీద నూనెగానే ఉంటుంది, దుమ్మును పట్టుకుంటుంది, చెమటతో కలిసి కళ్లలోకి కారుతుంది. మధ్యాహ్నానికి ముఖం జిడ్డుగా, చిరాకుగా ఉంటుంది. అప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే: సబ్బుతో రుద్ది కడగడం. సాయంత్రం ఇంటికి వెళ్లాక మళ్లీ ఒకసారి.

చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో 5 అటూ ఇటూ. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షార గుణం. పైగా చాలా ఇళ్లలో బోరు నీళ్లే దిక్కు. బకెట్ అంచున తెల్ల చార కట్టే నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారి చర్మానికి అంటుకుంటుంది. ఎంత కడిగినా పోయినట్టు అనిపించదు, దాంతో ఇంకా రుద్దుతారు. గోడలోని సున్నం ఇలా రోజుకు రెండు మూడు సార్లు కొట్టుకుపోతుంది. రాత్రికి ముఖం మళ్లీ బిగుస్తుంది, "నూనె సరిపోలేదు, ఇంకొంచెం రాయాలి" అనుకుంటారు. మర్నాడు జిడ్డు ఎక్కువ, సబ్బు ఎక్కువ, పొడిదనం ఎక్కువ.

అందుకే కౌంటర్ దగ్గర క్రీము పేరు చెప్పే ముందు నేను అడిగేది ఒకటే ప్రశ్న: "రోజుకు ఎన్నిసార్లు సబ్బుతో ముఖం కడుగుతారు?" మూడు అన్నవారికి ఏ క్రీము ఇచ్చినా నా మాట నిలబడదు. ముఖానికి ఏది మేలో తేల్చేది దాని ఖరీదో అందులోని దినుసో కాదు. మిట్టమధ్యాహ్నం కడిగేయాలనిపించకుండా ముఖం మీద ఉండగలదా లేదా అన్నదే. ఈ ఒక్క పరీక్షలో పగటిపూట కొబ్బరి నూనె ఓడిపోతుంది. ఊటీలోనో అరకులోనో ఉండేవారు నాతో ఒప్పుకోకపోవచ్చు, వారి లెక్క వేరు.

పెట్రోలియం జెల్లీ, అంటే అందరూ వ్యాజిలిన్ అని పిలిచేది, కప్పే పనిలో అన్నింటికన్నా గట్టిది. అమెరికాలో చమురు బావుల దగ్గర యంత్రాలకు అంటుకునే మడ్డిని చూసి రాబర్ట్ చెస్‌బ్రో దీన్ని శుద్ధి చేశాడు. 1872లో పేటెంట్ వచ్చింది. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని ఇది 98 శాతం వరకు ఆపగలదని చర్మవైద్య పుస్తకాలు చెబుతాయి. వాసన లేదు, అలర్జీ చాలా అరుదు, ధర తక్కువ. కానీ మధ్యాహ్నం పరీక్షలో ఇది కొబ్బరి నూనెకన్నా ఘోరంగా ఓడుతుంది. కనుక దీని చోటు రాత్రిపూట. పడుకునే ముందు తడి ముఖం మీద బియ్యపు గింజంత తీసుకుని, పొట్టు లేచేచోట మాత్రమే, పలచగా. పెదవులకు ఎప్పుడైనా సరే. చలికాలంలో పొద్దున్నే బండి మీద ఘాట్ రోడ్డు ఎక్కి తిరుమలలో ఉద్యోగానికి వెళ్లేవారికి మాత్రం పగలు కూడా బుగ్గలకు రాసుకోమని చెబుతాను. ఎదురుగాలికి దీన్ని మించిన కవచం లేదు.

గ్లిజరిన్, పన్నీరు కలిపి సీసాలో పెట్టుకోవడం మన అమ్మల కాలం నాటి పద్ధతి, మంచి పద్ధతే. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచడంలో ఖరీదైన సీరమ్‌లకు ఏమీ తీసిపోదు. చిక్కు రెండు చోట్ల ఉంది. కలపకుండా చిక్కగా రాస్తే, గాలిలో తేమ లేని ఏసీ గదిలో అది లోపలి పొరల నీటినే పైకి లాగుతుంది. ముఖం మరింత బిగుస్తుంది. ఒక వంతు గ్లిజరిన్‌కు మూడు వంతుల పన్నీరు ఉంటే ఇబ్బంది తక్కువ. రెండోది, దీనికి కప్పే గుణం లేదు, కాబట్టి పైన ఇంకేదైనా పూయాల్సిందే. ఇంట్లో కలిపింది వారం పది రోజులకు సరిపడా మాత్రమే ఉండాలి, ఎందుకంటే అందులో క్రిములు పెరగకుండా ఆపే మందు ఏదీ ఉండదు.

ఇక సాదా క్రీము. నా మొగ్గు ఇటువైపేనని ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నీరు, గ్లిజరిన్, లిక్విడ్ పారాఫిన్ (అంటే మినరల్ ఆయిల్), వైట్ సాఫ్ట్ పారాఫిన్ (అంటే పెట్రోలియం జెల్లీ) ఉండే ట్యూబులు ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతాయి. అట్ట మీద అందమైన ముఖాలు ఉండవు, టీవీలో ప్రకటనలు రావు, అందుకే జనం వాటిని అనుమానంగా చూస్తారు. పైన చెప్పిన మూడు పనులూ ఒక్కచోట చేసేది ఇదే. పూసిన కాసేపటికి జిడ్డు కనిపించదు కాబట్టి మధ్యాహ్నం సబ్బు దాకా వెళ్లరు, మామూలు నీళ్లతో తుడుచుకుంటే చాలనిపిస్తుంది.

సెరమైడ్ ఉన్న క్రీములు వాటికన్నా మేలా అంటే, ముఖం ఎర్రబడి మంట పుట్టేదాకా వచ్చినవారికి, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) స్వభావం ఉన్నవారికి మేలే. మామూలు పొడిదనానికి తేడా కొద్దిపాటిదే, ధరలో తేడా మాత్రం కొద్దిపాటిది కాదు. డబ్బా వెనక్కి తిప్పి చూడండి. దినుసులను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. గ్లిజరిన్ రెండు మూడు స్థానాల్లో ఉంటే అది పని చేసే క్రీము. ముందువైపు పెద్ద అక్షరాలతో సెరమైడ్ అని ఉన్నా వెనకాల అది చివర్లోనే కనిపిస్తుంది. దానికి కొద్ది మోతాదే చాలు కాబట్టి అది మోసమేమీ కాదు. చూడాల్సిన మోసం సువాసన. పర్ఫ్యూమ్ అనో ఫ్రాగ్రెన్స్ అనో రాసి ఉంటే పొడి చర్మానికి వద్దు. ఎంత మల్లెపూల వాసన వస్తే అంత మంచి క్రీమని నమ్మేవారు మన దగ్గర ఇంకా ఉన్నారు, వారితో నేను వాదించి అలసిపోయాను.

ఎంత రాయాలన్నది ధరతో ముడిపడిన విషయం. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. లేపనాల లెక్కలో ముఖానికి, మెడకు కలిపి అలాంటివి రెండున్నర, అంటే గ్రాముంపావు. రెండు పూటలా రాస్తే రోజుకు రెండున్నర గ్రాములు. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు 20 రోజులకు అయిపోవాలి. క్రీము పలచగా పరుచుకుంటుంది కాబట్టి నెల రోజులు వచ్చిందనుకుందాం. వెయ్యి రూపాయల చిన్న డబ్బా కొని ఆరు నెలలు దాచుకుని రాసేవారికి ఆ క్రీము ఎంత గొప్పదైనా ఒకటే, ముఖం మీద అది లేదు. చేతికి అందే ధరలో ఉన్నది కొని, పిసినారితనం లేకుండా రాయడమే నయం.

ముఖం కడిగాక తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. తడి ఇంకా ఉండగానే, రెండు మూడు నిమిషాల లోపల పూయాలి. పొద్దున అది ఇంకాక సన్‌స్క్రీన్. ఆ పైన పౌడరు వద్దంటే మా ఊళ్లో కోపాలు వస్తాయి. కానీ టాల్కం పౌడరు ఉన్న తేమను పీల్చి, పొట్టు లేచినచోట తెల్లగా ముద్దకడుతుంది. కావాలంటే అద్దంలో దగ్గరగా చూసుకోండి. కడగడానికి సబ్బుకు బదులు పీహెచ్ తక్కువగా ఉండే, నురగ పెద్దగా రాని క్లెన్సర్, అదీ రాత్రిపూట ఒక్కసారే. క్రీముకు పెట్టే డబ్బులో సగం దానికి పెట్టినా నేను తప్పుపట్టను.

మిగిలినవి. కలబంద చల్లగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నీరే, ఆరాక ముఖం మళ్లీ మొదటికే వస్తుంది. ఆకు కోసినప్పుడు కారే పసుపు రసం కొందరికి దురద పెడుతుంది. పాల మీగడ తినడానికి మంచిది. నలుగుపిండి ఒంటికి సరే, పొడి ముఖానికి గీకుడే. గానుగ వేరుశనగ నూనె రాయమని చిత్తూరు వైపు పెద్దలు చెబుతుంటారు. దానికీ మధ్యాహ్నం పరీక్ష వర్తిస్తుంది. జెల్ రకాలు జిడ్డు చర్మం వారికి.

ఏది రాసినా తగ్గనిది పొడిదనం కాకపోవచ్చు. ముక్కు పక్కల, కనుబొమల్లో పసుపు రంగు జిడ్డు పొట్టు లేస్తుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. దానికి కారణమైన ఈస్టు (చర్మం మీద ఉండే ఒక రకం శిలీంధ్రం) కొవ్వును తిని బతుకుతుంది, అక్కడ నూనె రాయడమంటే దానికి భోజనం పెట్టడమే. స్టిక్కర్ బొట్టు పెట్టేచోట మాత్రమే దురద, పొట్టు ఉంటే క్రీము కొనకండి, స్టిక్కర్ మానండి. ఆ జిగురులోని రసాయనం వల్ల కొందరికి అక్కడ తెల్ల మచ్చ కూడా పడుతుంది. ఒళ్లంతా పొడిబారి, జుట్టు రాలి, నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. "ఒక్క రాత్రిలో ముఖం నునుపు చేసే ట్యూబు" అంటూ తెలిసినవారు చెప్పిన పేరుతో వచ్చేవారు ఉంటారు. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసినవే. మొదటి వారం అద్భుతంగా ఉంటుంది, ఆ తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండకు మండుతుంది. మానేస్తే ఇంకా విజృంభిస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వను, నాకు బేరం పోయినా సరే.

కొండ మీద గుండు చేయించుకుని వచ్చినవారు కూడా ఇదే వరుసలో అడుగుతారు, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లులు. గుండుకు పూసిన చందనం చల్లగా ఉంటుంది, కానీ ఆరితే చర్మాన్ని బిగిస్తుంది. ఇంటికి వచ్చాక సబ్బు లేకుండా నీళ్లతో మెల్లగా కడిగి, గాట్లు లేనిచోట అదే సాదా క్రీము పలచగా రాసి, ఎండలోకి టోపీ పెట్టి పంపండి. మాడుకు కొబ్బరి నూనె రాయాలని ఉంటే గాట్లు మానాక రాయండి. మాడును ఎవరూ మధ్యాహ్నం సబ్బుతో రుద్దరు కాబట్టి అక్కడ నాకు అభ్యంతరం లేదు.