ఉద్యోగం మానకుండా ప్రైవేట్ పైలట్ లైసెన్స్: బల్లార్‌పూర్ నుంచి నా అనుభవం

షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. తెచ్చుకోవచ్చు, నేను తెచ్చుకున్నాను. కానీ వారానికో గంట, వీలున్న ఆదివారం ఇంకో గంట అన్నట్టు నేర్చుకునే పని అయితే మాత్రం మొదలుపెట్టకండి. ఈ చదువును దెబ్బతీసేది డబ్బు కాదు, మధ్యలో పడే గ్యాప్.

నాది మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో పేపర్ మిల్లు ఉద్యోగం. ఏ, బీ, సీ షిఫ్టులు తిరుగుతుంటాయి. విమానం నేర్చుకునే ఫ్లయింగ్ క్లబ్బుకు పోవాలంటే మా ఊరి బల్లార్షా స్టేషన్లో రైలు పట్టుకుని వెళ్లాలి. క్లబ్బు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది క్లబ్బు మీద సమీక్ష కాదు, ఈ పద్ధతి మీద.

లైసెన్స్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ విమానయాన సంస్థ డీజీసీఏ అడిగేది కనీసం 40 గంటల ఫ్లయింగ్. అందులో ఒంటరిగా ఎగరాల్సిన గంటలుంటాయి, 150 నాటికల్ మైళ్ల (సుమారు 278 కిలోమీటర్ల) సోలో క్రాస్ కంట్రీ, అంటే ఒంటరిగా వేరే ఊళ్లకు ఎగిరి రావడం ఉంటుంది. 40 అనేది ఆగకుండా నేర్చుకునేవాడికి. ఉద్యోగస్తుడికి అది పెరుగుతుంది, నాకూ బాగానే పెరిగింది. కారణం ల్యాండింగ్. రన్‌వే దగ్గరికొచ్చేదాకా చూపు దిగబోయే చోటు మీదే ఉంటుంది. చక్రాలు నేలకు కాస్త ఎత్తులో ఉండగా చూపును రన్‌వే చివరికి మార్చి, ముక్కును మెల్లగా ఎత్తి పట్టుకుని, విమానం తనంతట తాను కూర్చునేదాకా ఆగాలి. తొందరపడి ఎత్తితే మళ్లీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే ముందు చక్రం తగులుతుంది. ఆ అర సెకను ఎప్పుడొస్తుందో పుస్తకం చెప్పదు, చేతికీ కంటికీ కలిసి అలవాటు కావాలి. మూడు వారాలు పోకపోతే ఆ అలవాటు సగం పోతుంది, అప్పుడు కొత్త పాఠానికి బదులు పాత పాఠానికే మళ్లీ డబ్బు కట్టాలి.

అందుకే నేను సెలవులు కూడబెట్టుకుని, కంప్ ఆఫ్‌లు (అదనపు డ్యూటీకి బదులిచ్చే సెలవులు) కలుపుకుని, వరసగా పది పన్నెండు రోజులు అక్కడే ఉండి ఎగరడం మొదలుపెట్టాను. అప్పట్నుంచే నిజంగా ముందుకు కదిలింది. మా సూపర్‌వైజర్ "ఏందన్నా, కొలువు ఇడిసిపెడ్తవా?" అని అడిగాడు. లేదని చెప్పి, దీపావళికి వేరేవాళ్ల డ్యూటీలు నేను చేసి ఆ సెలవులు సంపాదించుకున్నాను.

సెలవు ఎప్పుడు పెట్టాలో కూడా ఆలోచించాలి. విదర్భ మే నెల గురించి మనకు చెప్పేదేముంది, వేడికి గాలి పలచబడి ఇంజన్ బలం తగ్గుతుంది, రన్‌వే మీద పరుగు పెరుగుతుంది, మధ్యాహ్నమైతే విమానం ఒకటే ఊగుతుంది. వర్షాకాలంలో కిందికి దిగిన మబ్బులు. డిసెంబర్, జనవరి పొద్దున్నే పొగమంచు ఉంటుంది, కంటితో చూసి ఎగరడానికి 5 కిలోమీటర్ల విజిబిలిటీ ఉండాలి కాబట్టి తేటపడేదాకా కూర్చోవాలి. అయినా నా ఓటు దసరా దాటాక మొదలయ్యే చలికాలానికే.

సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి నేరుగా రైలెక్కి మర్నాడు ఎగరడం మాత్రం వద్దే వద్దు. నిద్ర చాలని రోజు రేడియోలో టవర్ చెప్పింది ఒక్కసారికి బుర్రకెక్కదు. నిద్ర లేదని చెబితే మా ఇన్‌స్ట్రక్టర్ సార్ మారుమాట లేకుండా ఆ రోజు ఫ్లయింగ్ రద్దు చేసేవారు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం అందుకే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంజన్ స్టార్ట్ చేయకముందు చేసే పని. రెక్క కిందున్న డ్రెయిన్ నుంచి చిన్న గాజు గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాం. ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోలు, లేత నీలంగా ఉంటుంది. నీళ్లుంటే బరువుకు అడుగున వేరే బొట్టుగా నిలబడతాయి. వాన పడ్డ మర్నాడు ఒకసారి అలాంటి బొట్టు నా కంటితో చూశాను. అది పోయేదాకా పట్టి పారబోశాకే ఎక్కాం. మిల్లులో చెక్‌లిస్ట్ మీద టిక్ పెట్టే చెయ్యి కూడా ఆ రోజు నుంచి మారింది.

థియరీ అంతా ఇంటి దగ్గరే. రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణం, ఇంజన్ అన్నీ షిఫ్టుల మధ్య చదువుకోవచ్చు, కోచింగ్ అక్కర్లేదు. రేడియో పరీక్షకు మాత్రం గట్టిగా నోటితో చదవండి, మనసులో చదివితే మైకు పట్టుకున్నాక మాట రాదు.

ఖర్చు గంటకు పది వేలు దాటుతుంది, రైలు, లాడ్జి, తిండి వేరే. చివరికి లక్షల్లోకే వెళ్తుంది. ఈ లైసెన్స్‌తో జీతం తీసుకుని విమానం నడపకూడదు. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు కావాలి. సంపాదన కోసమైతే దారి వేరు, ఇంట్లో ఈ మాట ముందే చెప్పేయండి. ఇంకా ఫీజు కట్టకపోతే ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది, అడ్వాన్స్ డబ్బులు మిగులుతాయి.