జాగ్రత్త: మెడనొప్పికి పోస్చర్ ప్యాకేజీ అంటే డబ్బులు కట్టకండి, నా 9,500 పోయాయి

హనుమకొండలో ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ ఫ్లెక్సీలే. ఒకవైపు గూని పడ్డ మనిషి, ఇంకోవైపు నిటారుగా నిలబడ్డ మనిషి, మధ్యలో ఎర్ర బాణం, కింద "21 రోజుల్లో మెడనొప్పి మాయం". మీరూ చూసే ఉంటారు. కూర్చునే, నిలబడే తీరు (పోస్చర్) సరిచేస్తామని వ్యాయామాల ప్యాకేజీ అమ్మే సెంటర్ అది, పేరు రాయను. నిన్న సాయంత్రం అక్కడికి పోయి నా డబ్బులు నాకు ఇవ్వమని అడిగితే అవమానం చేసి పంపారు. రాత్రంతా నిద్ర లేదు. కోపం మీదే రాస్తున్నాను, వెనకా ముందూ అయితే ఏమనుకోకండి.

నాది మగ్గం వర్క్. కరీమాబాద్‌లో ఇంట్లోనే చేస్తాను, పన్నెండేళ్ల నుంచి. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున కూర్చుంటే రాత్రి పదింటికే లేవడం. రెండేళ్లుగా మెడ పట్టేస్తోంది. మాత్రలు, బామ్‌లు, వేడినీళ్ల సంచి అన్నీ అయ్యాయి. అప్పుడే ఆ ఫ్లెక్సీ కంట్లో పడింది.

మొదటి రోజు నన్ను గోడ పక్కన నిలబెట్టి పక్క నుంచి ఫొటో తీశారు. అక్కడ వ్యాయామాలు చేయించే అతను ఫోన్‌లో దాని మీద గీతలు గీసి, "తల రెండు ఇంచులు ముందుకొచ్చింది అక్కా, 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కేజీలు పడతది, ఇట్లనే ఉంటే ఆపరేషనే" అన్నాడు. ఆ 27 కేజీల లెక్క 2014లో ఒక డాక్టర్ కంప్యూటర్ మోడల్‌తో కట్టిందట, మనుషుల మెడల మీద కొలిచింది కాదట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆపరేషన్ అనే మాట వినగానే కాళ్లు వణికాయి. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్ పే చేసేశాను. ఇంట్లో ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు నాదే.

పన్నెండు సిట్టింగులకు 7,700, భుజాలకు కట్టుకునే బెల్టుకు 1,800. అందరికీ ఒకటే జిరాక్స్ కాగితం. నాకూ, స్కూటర్ మీద నుంచి పడ్డ డెబ్బై ఏళ్ల పెద్దాయనకూ, డిగ్రీ చదివే పిల్లకూ అవే ఏడు వ్యాయామాలు. చేతులు ముట్టి చూసింది లేదు, ఎక్కడి దాకా నొప్పి పోతుందని అడిగింది లేదు.

నాలుగో రోజు సంగతి చెప్పాలి. గడ్డం వెనక్కి లాగే వ్యాయామం. నేను మెల్లగా లాగుతుంటే అతను అరచేయి నా గడ్డానికి ఆనించి లోపలికి నొక్కాడు. మెడలో చురుక్కుమంది. అక్కడి నుంచి భుజం మీదుగా దిగి బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కాయి, కరెంటు పాకినట్టు. "తమ్ముడూ ఆపు, చెయ్యి గుంజుతోంది" అన్నాను. ఆపలేదు. "నొప్పి వస్తేనే బాడీ సెట్ అవుతున్నట్టు అక్కా" అని ఇంకో పది లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని గట్టిగా. పది అయ్యాక చెయ్యి తీసి, అటు తిరిగి పక్కనున్నవాళ్లతో, "అక్క మగ్గం మానదు, ట్రీట్‌మెంట్ మీద మాత్రం నమ్మకం ఉండదు" అన్నాడు. వాళ్లు నవ్వారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా నోరు విప్పలేదు. మిగతా మూడు వ్యాయామాలూ చేసే వచ్చాను. ఎందుకు చేశానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. డబ్బు కట్టాను కదా అనే ఆలోచనే అనుకుంటా.

మర్నాడు పొద్దున మగ్గం ముందు కూర్చుంటే సూది వేళ్ల మధ్య నిలవలేదు. మూడుసార్లు జారి చాప మీద పడింది. పన్నెండేళ్లలో నాకు ఎప్పుడూ అట్లా కాలేదు. నా బతుకంతా ఆ రెండు వేళ్ల మీదే ఉంది.

తెలిసినవాళ్లు చెప్తే బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివిన ఒక మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె ముందు నా రెండు చేతులూ పట్టుకుని పిడికిలి బిగించమంది, దూదితో వేళ్లు ముట్టి తేడా అడిగింది, మోచేతి దగ్గర చిన్న సుత్తితో తట్టి చూసింది. మెడలో నరం ఒత్తుకుంది, అది బొటనవేలి వైపు పోయే నరం అని చెప్పింది. వ్యాయామం తప్పు కాదంట. గడ్డం వెనక్కి లాగేది మెడ లోపలి కండరాలకు మంచిదే, కానీ నొప్పి చేతిలోకి దిగితే వెంటనే ఆపాలంట. ఇప్పుడు వెల్లకిలా పడుకుని, తల కింద పలుచని టవల్ పెట్టుకుని, ఎవరి చెయ్యీ పెట్టించుకోకుండా మెల్లగా చేయిస్తోంది. ఐదు సెకన్లు, పది సార్లు. వీపు మీది భుజం ఎముకలు వెనక్కి దగ్గరకు తెచ్చే వ్యాయామం ఇంకొకటి. మగ్గం కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించింది, అరగంటకోసారి లేవమంది. ఇటుకలకు నాకు ఖర్చు కాలేదు, పెరట్లో ఉన్నాయి. నిటారుగా కూర్చుంటేనే నొప్పి పోతుందని లేదు, ఒకే తీరున గంటలు గంటలు కూర్చోవద్దు అని చెప్పింది. అక్కడ ఈ మాట ఒక్కరూ అనలేదు.

ఇక నిన్నటిది. పదో తరగతి చదివే మా పాపను తోడు తీసుకుని పోయాను. ఎనిమిది సిట్టింగులు మిగిలాయి, ఆ డబ్బు ఇవ్వమన్నాను. కౌంటర్ మీదున్న ఆమె బిల్లు తిప్పి, చీమంత అక్షరాల్లో ఉన్న లైన్ చూపించి, "డబ్బు వాపస్ లేదని రాసే ఉంది, చదువొచ్చు కదా?" అంది. మా పాప ముందు. పాప ఏమీ మాట్లాడలేదు, నా కొంగు పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఇంటికొచ్చాక ఆ బెల్టు డబ్బా చూస్తే ధర దగ్గర స్టిక్కర్ అంటించి ఉంది. పాప గోటితో గీకితే కింద 499. ముద్రించిన ధర మీద స్టిక్కర్ వేసి ఎక్కువకు అమ్మడం చట్టం ప్రకారం తప్పు, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఫొటో తీసి పెట్టాను. ఇవాళ పొద్దున 1915కు ఫోన్ చేశాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

మీకు చెప్పేది కొంచెమే. చేసేవాళ్లు బీపీటీ చదివారా అని మొహమాటం లేకుండా అడగండి. అది నాలుగేళ్లకు పైగా చదివే చదువు, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది, సర్టిఫికెట్ చూపించమంటే నిజంగా చదివినవాళ్లు చూపిస్తారు. ఏ రోజు డబ్బు ఆ రోజే కట్టండి. చెయ్యి తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం ఉంటే వ్యాయామాలు పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

ఇంకోటి, ఆ పెద్దాయన అక్కడికి ఇంకా పోతున్నాడు. స్కూటర్ మీద నుంచి పడ్డాక మెడకు ఎక్స్‌రే కూడా తీయించుకోలేదని ఆ రోజు నాతో అన్నాడు. శాయంపేట వైపు నుంచి వస్తాడు, తెల్ల పంచె, కుడి చేతికి రాగి కడియం. ఆయన మీకు తెలిసినవాడైతే ఈ పోస్ట్ ఆయన కొడుకుకో కోడలికో చదివి వినిపించండి.