క్యాంపర్ వ్యానా, కారు వెనక సైకిళ్లా: ఎండాకాలంలో ఇద్దరికి ఏది మేలు?

మే రెండో వారంలో మేమిద్దరం క్యాంపర్ వ్యానులో, అంటే లోపలే పడుకుని వండుకునే వీలున్న బండిలో, హార్సిలీ హిల్స్‌కు వెళ్లొచ్చాం. అప్పటి నుంచి తిరుపతిలో మాతో పొద్దునపూట సైకిలు తొక్కేవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. అంత అద్దె పోసి వ్యాను ఎందుకు, సైకిళ్లు కారు వెనక కట్టుకునిపోయి రూములో దిగితే సరిపోదా అని. పోయిన ఏడాది మేం చేసింది అదే. రెండూ చూశాం కాబట్టి చెబుతున్నా.

డబ్బు సంగతి ముందే అనేస్తా. కారే చవక. నాలుగు రోజులకు పెట్రోలు, రూము కలిపి అప్పుడు అయినదానికి రెండింతలు ఈసారి వ్యానుకే పోయింది. వంట అందులోనే చేసుకున్నా ఆ తేడా పూడలేదు.

నా మటుకు తేల్చేది మాత్రం వేరే. తెల్లవారి ఐదున్నరకు మనం ఎక్కడున్నాం? మన వైపు మే నెలలో సైకిలు తొక్కాలన్నా, కొండ నడవాలన్నా వెలుగు వచ్చినప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకానే. ఆ మూడు గంటల కోసమే ఇంత దూరం పోతాం. పోయినసారి మదనపల్లెలో దిగాం. అక్కడి నుంచి కొండ దాదాపు 30 కిలోమీటర్లు. లేచి, లాడ్జి గేటు తీయించి, సైకిళ్లు కట్టి, ఘాట్ ఎక్కి, మళ్లీ విప్పి సర్దుకునేసరికి ఏడు దాటింది. రెండు రోజులూ ఇదే తంతు. ఈసారి కొండ మీదే నిద్ర లేచాం. ఐదుంబావుకు టీ, ఐదున్నరకు రోడ్డు మీద. ఘాట్‌లో కొంత దిగి, అంతా ఎక్కివచ్చాక కూడా గాలిబండ అనే వ్యూపాయింట్ దాకా తీరిగ్గా నడిచాం. వచ్చి వ్యాను నీడలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన చెనక్కాయల చట్నీతో మా ఆయన పోసిన దోసెలు తిన్నాం. ఆ పొద్దులు నాకు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

కొండ మీదే రూము దొరికితే? మే నెల శని, ఆదివారాల్లో మాకు రెండుసార్లూ దొరకలేదు. మామూలు రోజుల్లో మీకు దొరికితే తీసుకోండి, అప్పుడు కారుతోనే పని జరిగిపోతుంది.

అయితే వ్యాను ఎక్కడపడితే అక్కడ పనికిరాదు. అది రేకు పెట్టె. పగలంతా తాగిన వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. ఏసీ ఉంది కదా అంటారు. ఒక టన్ను ఏసీకి గంటకు దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. 12 వోల్టుల 200 యాంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉన్నా దాచేది 2.4 యూనిట్లే. అంటే రెండు మూడు గంటలు, ఆ తర్వాత చెమట. బయటి ప్లగ్గు దొరకాలి, లేదా ఏసీ అక్కర్లేనంత ఎత్తుకు పోవాలి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలి దాదాపు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. హార్సిలీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. తిరుపతిలో ఫ్యాను కింద కూడా దొర్లే రాత్రి, అక్కడ కిటికీలు తీసి దుప్పటి కప్పుకున్నాం. మేం వ్యాను నిలుపుకున్న ఆవరణవాళ్లతో 15 యాంప్స్ ప్లగ్గు గురించి ముందే ఫోన్‌లో మాట్లాడుకున్నాం గానీ, దాన్ని బ్యాటరీ చార్జింగ్‌కు తప్ప వాడలేదు.

అందుకే తలకోన జలపాతానికి వ్యాను వద్దంటాను. అది లోయ, రాత్రి ఉక్క తగ్గదు. పైగా శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, అడవిలో మనకు నచ్చిన చోట బండి ఆపి పడుకోవడానికి లేదు. అక్కడికి కారే సరి, తెల్లవారుజామున తిరుపతిలో బయలుదేరినా భాకరాపేట మీదుగా టైంకు చేరతాం. ఎండాకాలంలో జలపాతం ధార కూడా సన్నగా ఉంటుంది.

సైకిళ్ల క్షేమం చూసినా నేను వ్యాను వైపే. ముందు చక్రాలు తీస్తే రెండూ మంచం కింద పట్టాయి. కారు క్యారియర్‌లో స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ టెన్షన్, పైగా నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనబడేలా కట్టాలి.

వ్యాను అద్దెకు తీసుకునేవాళ్లు ఒకటి తప్పకుండా అడగండి: డ్రైవర్‌తో ఇస్తారా, మనమే నడుపుకోవచ్చా? డ్రైవర్ వస్తే రాత్రి ఆయన పడుకోవడానికి మంచి చోటు చూడాల్సింది మనమే. మేం మా ఆయనే నడిపేలా తీసుకున్నాం. ఘాట్ దిగేటప్పుడు మాత్రం బరువు తెలుస్తుంది, బ్రేకు తొక్కుకుంటూ కాక చిన్న గేరులోనే దిగాలి.

చిత్తూరు వైపువాళ్లకు తమిళనాడులోని ఏలగిరి కొండ కూడా ఉంది, 14 హెయిర్‌పిన్ మలుపులు, వెయ్యి మీటర్లు దాటిన ఎత్తు. రూములు బాగానే ఉంటాయి కాబట్టి కారు చాలు. ఇక బస్సులో సైకిళ్లు వేసుకుని పోవడం ఇద్దరికీ అయ్యే పని కాదు.

వచ్చే మే నెలకు మళ్లీ అదే వ్యాను చెప్పిపెట్టాం, ఈసారి సోమవారం నుంచి గురువారం దాకా. కారు క్యారియర్ మాత్రం అమ్మలేదు. వానలు పడ్డాక నవంబరులో తలకోనకు కావాలి.