వైజాగ్ వచ్చి తిమింగలాలతో ఈదాలనుకునేవాళ్ళకి

విజయవాడ నుంచి వచ్చిన మా మేనల్లుడు బస్సు దిగీ దిగగానే ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. నీలంగా మెరుస్తున్న నీళ్ళు, ఇంత పెద్ద తిమింగలం, దాని పక్కనే ఈదుతున్న అమ్మాయి. కింద ‘వైజాగ్ స్కూబా’ (సిలిండరు గాలి పీలుస్తూ నీటడుగున ఈదటం) అని రాసుంది. “మావయ్యా, రుషికొండ బీచ్‌లో ఇదేనా చేయించేది?” అన్నాడు. వాడి ముఖంలో ఆశ చూసి కాదని చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. కానీ చెప్పాలి కదా. మన వైజాగ్‌లో తిమింగలాలతో ఈత కొట్టించే ఏర్పాటు లేదు. ఉందని చెప్పి ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

మన సముద్రంలో పెద్ద జీవులు లేవని కాదు. 2021 డిసెంబరులో వైజాగ్ దగ్గర తంతడి తీరంలో జాలర్ల వలకి పెద్ద వేల్ షార్క్ చిక్కింది. అటవీశాఖవాళ్ళు చెప్పాక జాలర్లే దాన్ని జాగ్రత్తగా మళ్ళీ సముద్రంలోకి పంపించారు. ఇది పేరుకే వేల్ (తిమింగలం), నిజానికి సొర చేప. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో ఉంది. చేపల వేటకెళ్ళేవాళ్ళకి డాల్ఫిన్లు అప్పుడప్పుడు ఎదురవుతుంటాయి. అదంతా అదృష్టం. దానికి టికెట్ ఉండదు.

మరి రుషికొండలో ఏం దొరుకుతుంది? నా మాటడిగితే, మొదటిసారి సముద్రం లోపలికి తల పెట్టి ఊపిరి తీసుకునే అనుభవం. అది చిన్నదేం కాదు. ముందు తక్కువ లోతులో నేర్పిస్తారు. మాస్కు అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రాసి కడగమంటారు. కిందికి దిగేకొద్దీ చెవులు నొక్కుకుపోతాయి, ముక్కు మూసుకుని నెమ్మదిగా గాలి ఊదితే టప్పుమని తెరుచుకుంటాయి. సైగలు మాత్రం శ్రద్ధగా నేర్చుకోవాలి. మావాడు చేపల గుంపుని చూసిన సంబరంలో సూపర్ అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు. నీళ్ళలో దానర్థం ‘పైకి పోదాం’ అని. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే వాణ్ణి పైకి తీసుకొచ్చేశాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఆ ఇన్‌స్ట్రక్టర్ విసుక్కోకుండా మళ్ళీ ఓపిగ్గా దించాడు, అది నాకు బాగా నచ్చింది.

నీళ్ళు వీడియోలోలా ఉండవు. మేం దిగిన రోజు చెయ్యి చాచినంత మేర స్పష్టంగా, ఆపైన ఆకుపచ్చ మసకగా ఉంది. వానాకాలంలో, గాలి గట్టిగా ఉన్న రోజుల్లో ఇంకా కలకగా ఉంటుంది. చలికాలం, వేసవి మొదలు మేలు. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరంలో మునిగిపోయిన ఓడ ఉంది. అది కాస్త అలవాటైనవాళ్ళకే.

ఇక నిజంగా తిమింగలాన్ని చూడాలంటే మనకి దగ్గర దారి శ్రీలంక. చెన్నై మీదుగా కొలంబో, అక్కణ్ణించి దక్షిణ తీరంలోని మిరిస్సా. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాల సీజన్. మేం ఇంటిల్లిపాదీ వెళ్ళాం. పొద్దున్నే బోటెక్కాలి, అలల మీద చాలాసేపు పోవాలి. వాంతుల మాత్ర ముందే వేసుకోండి, మా ఆవిడ వేసుకోక సగం దారి తల ఎత్తలేదు. దూరంగా నీటి ఆవిరి నిలువుగా లేచింది, తర్వాత బూడిదరంగు వీపు, ఎంతకీ తరగని వీపు. చివరికి తోక లేచింది. తోక లేపిందంటే లోతుకి పోతోందని, మళ్ళీ పైకి రావడానికి పది నిమిషాలైనా పడుతుందని బోటువాళ్ళు చెప్పారు. కళ్ళారా చూసింది నిమిషాల లెక్కే, అయినా నాకు ఒళ్ళు పులకరించింది. నచ్చనిదల్లా బోట్లన్నీ దాని మీదికి ఎగబడటం. అందుకే, ‘బాగా దగ్గరికి తీసుకెళ్తాం’ అనేవాళ్ళ కంటే ‘దూరంగా ఇంజిన్ తగ్గించి ఆగుతాం’ అనేవాళ్ళని ఎంచుకోండి. ఆ టికెట్ చూడటానికే, నీళ్ళలోకి దిగటానికి కాదు.

లైసెన్సు ఉన్న గైడుతో పక్కన ఈదే చోటు కావాలంటే పసిఫిక్‌లోని టోంగా లాంటి దేశానికి పోవాలి. జులై నుంచి అక్టోబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి అక్కడికి వస్తాయి. ఒక విడతలో గైడు కాక నలుగురినే దించుతారు. స్కూబా సిలిండరు కుదరదు, స్నార్కెల్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టం) తోనే. తల్లి పిల్లతో పక్కకి తిరిగి వెళ్ళిపోతే వదిలేయాలి, వెంటపడకూడదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అయినా కోరిక బలంగా ఉంటే ఒక్క రోజుకి కాకుండా వరసగా కొన్ని రోజులకి బుక్ చేసుకోండి. లోతు నీళ్ళలో భయపడకుండా తేలగలగాలి. ఆ అలవాటుకి మాత్రం మన రుషికొండ, ఊళ్ళో ఈత కొలనులు చాలు.

బస విషయానికొస్తే, స్కూబా కోసమే అయితే రుషికొండ, సాగర్‌నగర్ వైపు దిగండి, పొద్దున్నే హైరానా ఉండదు. పిల్లలతో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, టిఫిన్లు, షాపింగ్ అనుకుంటే ఆర్కే బీచ్ వైపే సుఖం. రుషికొండలో ఒడ్డున ఈదేటప్పుడు ఎర్రజెండా ఉంటే దిగొద్దు, సముద్రం లోపలికి లాగేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. చాలామంది పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు అని ప్లాన్ వేసుకుంటారు. దయచేసి అలా చేయకండి. అరకు 900 మీటర్ల పైన ఎత్తులో ఉంటుంది. డైవింగ్ చేసిన ఒంట్లో కరిగున్న నైట్రోజన్ ఎత్తుకి పోతే బుడగలు కట్టే ప్రమాదం ఉంది. విమానానికీ ఇదే వర్తిస్తుంది, 18 గంటలైనా ఆగాలి. అరకు ముందు చూసేసి, స్కూబా తర్వాత పెట్టుకోండి.